దొమ్మరోగంతో చనిపోయిన పశువును ఎందుకు కోయకూడదు?

ఉదయం బాగానే మేసిన ఆవు సాయంత్రానికి కూలబడి చనిపోతుంది. ముక్కు నుంచి, ఆసనం నుంచి నల్లటి రక్తం కారుతుంది. అది గడ్డకట్టదు. పొట్ట త్వరగా ఉబ్బుతుంది కానీ కాళ్లు కట్టెలా బిగుసుకోవు. ఇవి దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ లక్షణాలు. ఇలాంటి పశువును కోయవద్దని, తోలు ఒలవవద్దని పశువైద్యులు చెబుతారు. వారు కూడా శవపరీక్ష చేయరు. చెవి సిర నుంచి చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూసి పరీక్షకు పంపుతారు, అంతే.

ఈ రోగకారకం బాసిల్లస్ ఆంత్రసిస్. ఇది బాసిల్లేసి కుటుంబానికి చెందిన కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా. ఈ కుటుంబంలో చాలావాటికి మట్టే నివాసం, ఎక్కువ భాగం మనకు హాని చేయవు. బీటీ పత్తిలో కాయతొలుచు పురుగును చంపే జన్యువు వీటిలో ఒకటైన బాసిల్లస్ థురింజియెన్సిస్ నుంచి తీసుకున్నదే. గంటల తరబడి బయట ఉంచిన అన్నం తిన్నాక వాంతులయితే చాలాసార్లు కారణం బాసిల్లస్ సీరియస్. ఈ రెండూ ఆంత్రాక్స్ క్రిమికి దగ్గరి బంధువులు.

వీటికున్న అసలు బలం సిద్ధబీజం. ఆహారం కరవైనప్పుడు కణం రెండు అసమాన భాగాలుగా విడిపోతుంది. పెద్ద భాగం చిన్నదాన్ని తనలోకి తీసుకుని చుట్టూ ప్రోటీన్ పొరలు అల్లుతుంది. లోపలి నీరు చాలావరకు పోయి, డైపికోలినిక్ ఆమ్లం, కాల్షియం చేరతాయి. చివరికి తల్లికణం పగిలి సిద్ధబీజం బయటపడుతుంది. అది తినదు, పెరగదు, ఊరికే వేచి ఉంటుంది. కొద్దిసేపు మరిగించినంత మాత్రాన చావదు. అందుకే ఆసుపత్రి పరికరాలను 121 డిగ్రీల వద్ద, ఒత్తిడితో కూడిన ఆవిరిలో శుద్ధి చేస్తారు. ఆంత్రాక్స్ క్రిమి జీవితచక్రంలో ఈ దశను 1876లో రాబర్ట్ కాక్ వివరించాడు.

అయితే సిద్ధబీజంగా మారడానికి ఈ క్రిమికి ఆక్సిజన్ కావాలి. కోయని కళేబరంలో అది అందదు. లోపల కుళ్లు మొదలయ్యాక, కొద్ది రోజుల్లో అక్కడి క్రిములు చాలావరకు నశిస్తాయి. కత్తి పెడితే రక్తం గాలికి తగిలి, నేల మీద కోట్ల సిద్ధబీజాలు తయారవుతాయి. 1942లో బ్రిటిష్ సైన్యం స్కాట్లాండ్‌లోని గ్రుయినార్డ్ దీవిలో గొర్రెలపై ఆంత్రాక్స్ ప్రయోగాలు చేసింది. 1986లో ఆ నేలను ఫార్మాల్డిహైడ్‌తో తడిపారు. అది సురక్షితమని ప్రకటించింది 1990లో.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యంలో ఈ రోగం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. దుక్కిటెద్దు పోయిన ఇంటికి చివరికి మిగిలేది మాంసం, తోలు. వాటినీ వదులుకోమనడం తేలికే, వదులుకోవడం కష్టం. కానీ ఆ మాంసం కోసిన చేతికి చిన్న గాటు ఉన్నా చాలు. మొదట దురదపెట్టే పొక్కు, తర్వాత నొప్పి లేని పుండు, దాని మీద నల్లటి పక్కు. నొప్పి లేదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. వెంటనే ఆసుపత్రికి వెళ్తే యాంటీబయాటిక్‌లతో నయమవుతుంది. మాంసం తినడం వల్ల పేగులకు సోకే రూపం మరింత ప్రమాదకరం.

కళేబరాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాల్చేయడం ఉత్తమం, వీలుకాకపోతే కనీసం ఆరడుగుల లోతున పూడ్చాలి. మిగిలిన పశువులకు టీకా ఉంది. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ రూపొందించిన ఆ టీకాలో ఉండేవీ ఇదే క్రిమి సిద్ధబీజాలు, కాకపోతే రోగం తెచ్చే శక్తి పోయిన రకానివి. రోగం వచ్చిన ఊళ్లలో దీన్ని ఏటా, వానలకు ముందే వేయించాలి.