సైలెన్సర్ మార్చేముందు ఈ లెక్క చూడండి

సంక్రాంతి వారంలో అత్తిలి సెంటర్‌లో ఓ పది నిమిషాలు నిలబడండి. బండి మలుపు తిరగకముందే దాని శబ్దం వచ్చేస్తుంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చిన బుల్లెట్లలో సైలెన్సర్ మార్చిన బండేదో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. నాకూ ఆ డబ్‌డబ్ ఇష్టమే. కాకపోతే వేలు పోసి మనం కొంటున్నదేంటో తెలిసి కొంటే బాగుంటుంది.

షాపులో మొదట వినిపించే మాట, "పికప్ పెరుగుతుందండీ". సరే, క్లాసిక్ 350నే తీసుకుందాం. కొత్త జె సిరీస్ 349 సీసీ ఇంజిన్ 6,100 ఆర్‌పీఎం దగ్గర 20.2 హార్స్‌పవర్, 4,000 దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. తణుకు రోడ్డులోనో, కాలవ గట్టు మీదో 6,100 దాకా లాగేదెప్పుడు? ఎదురుగా ధాన్యం ట్రాక్టరు, పక్కన కాలవ, మధ్యలో గేదెలు. మనకి రోజూ పనికొచ్చేది కింది ఆర్‌పీఎంలో లాగే బలం. లోపల అడ్డేమీ లేని ఖాళీ గొట్టం బిగిస్తే ముందు దెబ్బతినేది అదే.

ఎందుకంటే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా పొగ ఒక ప్రెజర్ అలలా బయటికి దూకుతుంది. గొట్టం చివరికి వెళ్లిన ఆ అలలో కొంత వెనక్కి తిరిగొస్తుంది. సరైన టైముకి వస్తే సిలిండర్‌లో మిగిలిన పొగని లాగేస్తుంది, తప్పుడు టైముకి వస్తే లోపలికే నెడుతుంది. పైపు పొడవు, లావు, లోపలి గదులు అన్నీ ఈ టైమింగ్ చూసుకుని పెట్టినవే. వాటిని వెల్డింగ్ షాపులో కోసేయడమంటే, మా భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కోడ్ తోసేయడం.

2020 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బళ్లు బీఎస్6వి. వాటికి ఆక్సిజన్ సెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. చివరి డబ్బా మాత్రమే మార్చే స్లిప్-ఆన్ అయితే బెండ్ పైపు, దానికున్న సెన్సర్ అలాగే ఉంటాయి. ఫుల్ సిస్టమ్ అయితే పెట్రోల్ మ్యాపింగ్ కూడా మార్చుకోవాలి, అది మన చుట్టుపక్కల అందరికీ వచ్చే పని కాదు. కన్వర్టర్ ఏ ముక్కలో ఉందో మోడల్‌ని బట్టి మారుతుంది, అడక్కుండా ఏదీ ఊడదీయనివ్వకండి. యాక్సిలేటర్ వదలగానే పట్‌పట్‌మని పేలుతోందా? చాలాసార్లు అది జాయింట్ దగ్గర గాలి లీకు. దాన్ని స్టైల్ అనుకునేవాళ్లకి దండం.

ఇక శబ్దం. 175 సీసీ దాటిన బండికి కంపెనీ టెస్టులో హద్దు 80 డెసిబెల్స్. 80 నుంచి 175 సీసీ వాటికి 77. ఇది ఏడున్నర మీటర్ల దూరం నుంచి, కదిలే బండి మీద కొలిచేది. సైలెన్సర్ పక్కన ఫోన్ యాప్ పెట్టి చూసిన నంబర్‌తో దీన్ని పోల్చలేం. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది. రాత్రి పదకొండింటికి, ఎత్తుపల్లాల్లేని ఈ నేల మీద, అది కాలవ అవతలి గట్టు దాకా పోతుంది. రోడ్డుకి ఆనుకున్న ఇళ్లలో చంటిపిల్లలుంటారు, గుండె ఆపరేషన్ అయిన తాతయ్యలుంటారు. షష్ఠి తీర్థం జనంలో అయితే చెప్పనే అక్కర్లేదు.

అందుకే నేనైతే గట్టితనం కాదు, గొంతు చూస్తాను. కంపెనీ యాక్సెసరీస్‌లో దొరికితే మొదట అదే. బయటదైతే డీబీ కిల్లర్ ఉన్నది. పైపు చివర బోల్టుతో బిగించే చిన్న ముక్క అది, దాన్ని తీయకపోతేనే కొన్నందుకు అర్థం. లోపలి గ్లాస్ వూల్ కాలక్రమంలో కాలిపోయి శబ్దం పెరుగుతుంది, కాబట్టి మళ్లీ నింపుకునే వీలుందా అని అడగండి. మన తేమకి మామూలు ఇనుము తుప్పు పట్టేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి.

బ్రాండు ఏదైనా చట్టం మాత్రం ఒకటే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, శబ్దం హద్దు దాటితే సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మొదటిసారికే లైసెన్స్ మూడు నెలలు పోతుంది. అనుమతి లేని మార్పులకి సెక్షన్ 182ఏ వేరే ఉంది. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి.

ఇంకోటి, తీసిన కంపెనీ సైలెన్సర్‌ని పాత ఇనుముకి వేయకండి. కాస్త ఆయిల్ పూసి, గోనెసంచిలో చుట్టి అటకెక్కించండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది దాన్నే.