జనాజాకు అందని కొడుకు.. కాగితం మీద అమ్మీ, అబ్బా

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు పోయినోళ్లు లేని గల్లీ తక్కువ. అమ్మీనో అబ్బానో ఇంతెఖాల్ అయ్యారని అక్కడ ఫోన్ అందుకునే కొడుక్కు చాలాసార్లు జనాజా కూడా దక్కదు. సెలవు, టికెట్ దొరికి వచ్చేసరికి ఖబర్ మీద మట్టి ఆరిపోయి ఉంటుంది. చెప్పాల్సిన మాట గొంతులోనే మిగిలిపోతుంది. ఆ మాటను కాగితం మీద పెట్టుకోవడానికి కవిత ఒక దారి.

ఇది కొత్త సంగతేం కాదు. అల్లామా ఇక్బాల్ తల్లి ఇమాం బీబీ 1914 నవంబర్ 9న సియాల్‌కోట్‌లో కన్నుమూశారు. ఆమె యాదిలో ఆయన రాసిన పెద్ద నజ్మ్ ‘వాలిదా మర్హూమా కీ యాద్ మే’ 1924లో వచ్చిన ‘బాంగ్-ఎ-దరా’లో ఉంది. ఇక్బాల్ 1905 నుంచి 1908 దాకా యూరప్‌లో చదువుకున్నారు. పరదేశంలోని కొడుకు ఉత్తరం కోసం తల్లి పడే ఎదురుచూపు ఆ నజ్మ్‌లో కనిపిస్తుంది. ఉత్తరం పోయి వాట్సాప్ వచ్చింది గానీ, తల్లి ఎదురుచూపు మారలేదు.

బాధను రాసుకోవడం సబర్‌కు విరుద్ధమా అని కొందరికి అనుమానం. కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు ప్రవక్త (స) కన్నీళ్లు పెట్టారని, తల్లి ఆమినా సమాధి దగ్గర ఏడ్చారని హదీసుల్లో ఉంది. వద్దన్నది చెంపలు బాదుకుని, బట్టలు చింపుకుని చేసే శోకాలను.

రాస్తే ఏమవుతుంది? అమెరికా సైకాలజిస్ట్ జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు మనసులోని బాధను రాయించారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టర్ దగ్గరికి పోవడం తగ్గింది. అందుకే మొదటి రోజు ఏడుపొచ్చిందని భయపడొద్దు.

మొదలుపెట్టేటప్పుడు ‘త్యాగమూర్తి’ లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు. ఒక్క వస్తువు చాలు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో అబ్బా రుమాలుకు పట్టిన వాసన, అమ్మీ మడతపెట్టి ఉంచిన జానిమాజ్. ప్రాస కోసం వెతకొద్దు. ఉర్దూ లిపి రాకపోతే ఇంట్లో మాట్లాడే ఉర్దూనే తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. నెలలు గడిచినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే మాత్రం డాక్టర్‌ను కలవాలి. అక్కడ కవిత ఒక్కటే సరిపోదు.

రాసింది ఎవరికీ చూపించకపోయినా ఫర్వాలేదు. చివరి పాదం వాళ్ల మగ్ఫిరత్ కోసం దువా అయితే చాలు. మంచి సంతానం చేసే దువా, చనిపోయిన తల్లిదండ్రులకు చేరుతుందని హదీసు చెబుతోంది. దానికి వీసా, టికెట్ అక్కర్లేదు.