సభ ఎక్కడ పెట్టాలి?

మన విద్యార్థి సంఘం ఏ కార్యక్రమం తలపెట్టినా కమిటీ మీటింగులో మొదట లేచే ప్రశ్న "ముఖ్య అతిథి ఎవరు?" అని. రెండోది భోజనాల సంగతి. మూడోది చందాలు. సభ ఎక్కడ పెట్టాలన్నది అందరూ లేచి చెప్పులు వేసుకునేటప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు "ఫలానా హాలు ఖాళీగా ఉందట" అంటారు. ఆ ముచ్చట అంతటితో ముగుస్తుంది. ముఖ్య అతిథి గంటసేపు ఉండి పోతాడు. సభాస్థలం మాత్రం మొదటి ప్రార్థనగీతం నుంచి చివరి వందన సమర్పణ దాకా ప్రతి మాటలోనూ వేలు పెడుతూనే ఉంటుంది. కనుక ఈ సంచికలో దాని గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. బి.ఎస్సీ. చదివేవాణ్ణి కాబట్టి మధ్యలో కాస్త భౌతికశాస్త్రం దొర్లుతుంది. ఆర్ట్స్ మిత్రులు సహించాలి.

గోల్కొండ కోటకు విహారయాత్ర పోయినవాళ్లందరూ అక్కడ చప్పట్లు కొట్టే ఉంటారు. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీద బాలా హిసార్ దగ్గర ఉన్నవాళ్లకు వినిపిస్తుంది. గైడు చెప్పగానే మనం నోరు తెరిచి, ఫోటో తీసుకుని వచ్చేస్తాం. కానీ లెక్క వేసి చూడండి. శబ్దం నలువైపులా వ్యాపిస్తూ పోయేకొద్దీ, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు తగ్గుతుంది. ఒక మీటరు నుంచి వెయ్యి మీటర్లకు పోయేటప్పటికి 60 డెసిబెల్లు పోతాయి. గట్టిగా కొట్టిన చప్పట్లు మీటరు దూరంలో 85 అనుకుంటే, పైకి చేరేది 25. పల్లెలో నడిరాత్రి నిశ్శబ్దం కంటే అది ఎక్కువేమీ కాదు. పట్టపగలు అది చెవికి అందుతున్నదంటే ఆ గుమ్మటం, ఆ కమానులు తమ వంతు సాయం చేస్తున్నాయన్నమాట. శబ్దం నాలుగు దిక్కులా చెదిరిపోకుండా కొంత భాగాన్ని పోగుచేసి పంపుతున్నాయి. కట్టినవాళ్ల అవసరం కాపలా. శత్రువు వస్తే పైకి కబురు అందాలి. ఆ అవసరానికి ఆ చోటు సరిపోయింది.

సరిగ్గా దీనికి ఎదురు ఉదాహరణ బీజాపూర్ గోల్ గుంబజ్. ఆ గుమ్మటం లోపలి గ్యాలరీలో గుసగుసలాడినా అటువైపు గోడ దగ్గరున్నవాడికి వినిపిస్తుంది. ఒక్క కేక వేస్తే అనేకసార్లు తిరిగి వస్తుంది. చూడ్డానికి అద్భుతం. అక్కడ మన సంఘం కార్యదర్శి వార్షిక నివేదిక చదివితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. విశిష్టమైన చోటు వేరు, సభకు పనికొచ్చే చోటు వేరు. ఏ సభకు ఏ చోటన్నదే అసలు ప్రశ్న.

కొన్ని కార్యక్రమాలకు ఈ ప్రశ్నే పుట్టదు. అవి ఆ చోటు నుంచే మొలిచాయి. తిరువయ్యూరులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి దగ్గర ఏటా పుష్య బహుళ పంచమి నాడు ఆరాధన జరుగుతుంది. ఆ సమాధి మీద గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ, 1920లలో. పెద్ద పెద్ద విద్వాంసులు పందిట్లో నేల మీద వరసగా కూర్చుని పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుగా పాడతారు. ఆ అయిదింటిలో నాలుగు తెలుగువి, ఒకటి సంస్కృతం. తమిళదేశంలో నది ఒడ్డున మన భాష అలా మోగుతుంది. దీన్ని ఏసీ హాలుకు మారిస్తే పాట మారదు గానీ, ఆ నేల మీద అందరూ సమానంగా కూర్చోవడం పోతుంది.

మన వైపు రామప్ప గుడి ఉంది. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దాని మంటపం నడిమధ్య గుండ్రటి రాతి అరుగు ఉంటుంది. చుట్టూ స్తంభాల మీద, పైన దూలాల మీద నాట్యభంగిమలు. నటరాజ రామకృష్ణగారు ఈ శిల్పాలనూ, జాయప సేనాని 'నృత్త రత్నావళి'నీ ఆధారం చేసుకుని పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రి నాడు ఆ గుడి దగ్గరే పేరిణి ప్రదర్శించారు. ఎవరైనా వేదిక వెనక రంగుల తెర కట్టి మీద శిల్పాలు వేయిస్తారు. అక్కడ తెర అక్కర్లేదు. ఆడేవాడి భంగిమ, వెనక రాయిలో ఉన్న భంగిమ ఒకటే. ఖజురహోలో 1975 నుంచి జరిగే నృత్యోత్సవమైనా, కోణార్క్ గుడి వెనక కనిపించేట్టుగా డిసెంబరు మొదటి రోజుల్లో జరిగే ఉత్సవమైనా ఈ రహస్యం మీదే నడుస్తున్నాయి.

అలాగని మన వార్షికోత్సవాన్ని కోటలో పెడదాం, గుళ్లో పెడదాం అని బయలుదేరకండి. రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం, 1959 నాటి నియమాలు ఉన్నాయి. అనుమతి లేకుండా అక్కడ సభలు, విందులు జరపకూడదు. ఆ నియమం ఉండటమే మంచిది. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాతికి మన స్పీకరు డబ్బాల అదురు, మన పేపరు ప్లేట్లు ఎందుకు?

ఇప్పుడు హాళ్ల సంగతికి వద్దాం. నాకు చెప్పాలని ఉన్నది ఇక్కడే ఎక్కువ.

1895 ప్రాంతంలో అమెరికాలోని హార్వర్డులో కొత్తగా ఒక ఉపన్యాస మందిరం కట్టారు. అందులో ఎవరేం చెప్పినా అర్థం కాలేదు. పలికిన మాట అయిదున్నర సెకండ్లు గాల్లో మోగుతూనే ఉండేది. దీన్ని సరిచేసే పని వాలెస్ సబైన్ అనే కుర్ర లెక్చరరు మీద పడింది. ఆయన రాత్రిళ్లు, ఊరు సద్దుమణిగాక, పక్క థియేటరు నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరచి, ఆర్గన్ గొట్టం ఊది, గడియారం పట్టుకుని ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్లీ ఎక్కడివక్కడ. ఆ మెత్తల్లోంచి వచ్చిందే సబైన్ సూత్రం: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, లోపలి వస్తువులన్నీ కలిసి పీల్చుకునే మొత్తంతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెల్లు తగ్గడానికి పట్టే కాలం సెకండ్లలో వస్తుంది. దీన్నే ప్రతిధ్వనన కాలం అంటారు.

ఈ సూత్రాన్ని మన ఊళ్లలో లేచిన ఫంక్షన్ హాలుకు పట్టించి చూద్దాం. పొడవు 30 మీటర్లు, వెడల్పు 20, ఎత్తు 6 అనుకోండి. ఘనపరిమాణం 3600 ఘనపు మీటర్లు. కింద గ్రానైట్, చుట్టూ టైల్సు, అద్దాలు, పైన నున్నటి సీలింగు: మొత్తం 1800 చదరపు మీటర్లు. ఇవన్నీ తమ మీద పడ్డ శబ్దంలో నూటికి అయిదు వంతులు మాత్రమే పీల్చుకుంటాయనుకుంటే, ప్రతిధ్వనన కాలం దాదాపు ఆరున్నర సెకండ్లు! మనిషి సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాడు. అంటే ఒక అక్షరం చెవిన పడేసరికి దాని ముందరి పాతిక అక్షరాలు ఇంకా హాల్లో తిరుగుతూనే ఉంటాయి. పెళ్లికి ఇబ్బంది లేదు, పెళ్లిలో మాటలు ఎవరికి కావాలి? నాటకానికి మాత్రం గోరీ. ఉపన్యాసానికి ఒక సెకను దరిదాపుల్లో ఉండాలి.

జనం నిండితే కొంత నయం. ఒక్కొక్క మనిషి, బట్టలతో సహా, అర చదరపు మీటరుకు కాస్త తక్కువ తెరిచిన కిటికీతో సమానం. అయిదువందల మంది కూర్చుంటే పైన చెప్పిన హాల్లో ఆ కాలం రెండు సెకండ్ల లోపుకు దిగుతుంది. సగం నిండితే మూడుకు దగ్గర. కాబట్టి జనం రాని సభలో మాట కూడా వినపడదు. "మైకు ఉంది కదా" అంటారు. మైకు మాటనూ పెంచుతుంది, మోతనూ పెంచుతుంది. ఆపరేటరు ఇంకా సౌండు పెంచేకొద్దీ ఇంకా తెలియదు.

క్రితం సంవత్సరం మన ఉత్సవం ఊరి బయట అటువంటి హాల్లోనే జరిగింది. షాండ్లియర్లు ఉన్నాయి, ఏసీ ఉంది, ఫోటోలు బాగా వచ్చాయి. మా బాపు ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిండు. నేను వేషం వేసిన నాటకాన్ని వెనక వరసలో కూర్చుని చూసిండు. అయిపోయాక ఎట్లుంది అని అడిగితే, "బొమ్మ మంచిగనే కనవడ్డది గని, మాట తెల్వలే బిడ్డా" అన్నడు. మూడు నెలలు రిహార్సలు చేసిన నాటకం. సంఘం డబ్బులో సగం ఆ హాలు అద్దెకే పోయింది. ఆఖరి బస్సు దొరకదని ఆడపిల్లల్లో సగం మంది బహుమతి ప్రదానానికి ముందే లేచిపోయారు. మన హాస్టలు వంటవాళ్లు, తోటమాలి అసలు రానేలేదు. ఏటా ముందు వరసలో కూర్చుని ఈలలు వేసేది వాళ్లే.

హాలు అంటేనే చెడ్డదని నా వాదన కాదు. హైదరాబాదులో టాగూరు శతజయంతి పేరున 1961లో తెరిచిన రవీంద్రభారతి నాటకానికీ, సంగీతానికీ అని తలచి కట్టింది. మెత్తటి కుర్చీలున్న చోట సబైన్ మెత్తలు ఎప్పుడూ పరిచే ఉన్నట్టు లెక్క. మనిషి రాకపోయినా కుర్చీ అతని పని కొంత చేస్తుంది. పెళ్లికి కట్టినదాన్ని నాటకానికి తీసుకోవడమే తంటా.

పెద్ద సభలు ఒకే చోటుతో సరిపెట్టుకోవు. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 2012లో తిరుపతిలోనూ, 2017 డిసెంబరులో మళ్లీ హైదరాబాదులోనూ పెద్ద ఎత్తున జరిగాయి. 2017లో ప్రధాన వేదిక లాల్ బహదూర్ స్టేడియం. రవీంద్రభారతి, సారస్వత పరిషత్తు వంటి చోట్ల విడివిడిగా సదస్సులు నడిచాయి. వేలమంది చప్పట్లు కొట్టే ఆరంభానికి స్టేడియం కావాలి. అవధాని పద్యం నాలుగో పాదం కోసం చెవులు రిక్కించేవాళ్లకు చిన్న హాలు కావాలి. మన ఉత్సవానికి కూడా ఈ తెలివి పనికొస్తుంది. కవిసమ్మేళనాన్నీ డాన్సులనూ ఒకే వేదిక మీద ఒకదాని వెనక ఒకటి తోసే బదులు, కవుల్ని పొద్దున లైబ్రరీ హాల్లో కూర్చోబెడితే వాళ్లకూ గౌరవం, మనకూ చల్లన.

మా ఊళ్లో ఈ లెక్కలేవీ ఎవరికీ తెలియవు గానీ, చోటు ఎంచుకోవడం తెలుసు. కోతలు అయిపోయాక ఒగ్గుకథో, భాగోతమో పెట్టిస్తే అది కల్లంలోనే. కల్లం అంటే ముందే నీళ్లు చల్లి, చదును చేసి, పేడతో అలికిన నేల. రాయి ఉండదు, ముల్లు ఉండదు, పిల్లలు పడుకున్నా భయం లేదు. ధాన్యం ఇంటికి చేరింది కనుక చోటు ఖాళీ. మూడు వైపులా గడ్డివాములు. గడ్డి శబ్దాన్ని బాగా పీల్చుకుంటుంది. ఏ గోడా మాటను తిప్పికొట్టదు, కాబట్టి మాట మీద మాట పడదు. రాత్రి పూట పెట్టడంలోనూ కారణం ఉంది. పొద్దు గూకాక నేల చల్లబడుతుంది, నేలనంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో శబ్దం వేగం ఎక్కువ, అందువల్ల పైకి పోయే శబ్దం వంగి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం దీనికి తలకిందులు, శబ్దం పైకి వంగి పోతుంది. తెల్లవారుజామున నీళ్లు కట్టబోతే పొరుగూరి గుడి మైకు మా పొలంలో స్పష్టంగా వినిపిస్తుంది, పగలు వినిపించదు. అన్నింటికీ మించి, కల్లానికి తలుపు లేదు, టికెట్టు లేదు. ఎవరూ ఎవర్నీ "పాసు ఉందా" అని అడగరు.

ఈ ఏడు సైన్సు బ్లాకు వెనక వేపచెట్ల మైదానంలో ఉత్సవం జరపాలని కొందరం ప్రతిపాదించాం. నేల మెల్లగా కుంట వైపు వాలి ఉంటుంది. వేదిక కింద, జనం వాలు మీద కూర్చుంటే ముందువాడి తల అడ్డం రాదు, మాట కూడా తలల మీదుగా సూటిగా చేరుతుంది. గాలి వేదిక వైపు నుంచి జనం వైపు వీచాలి. ఎదురుగాలి అయితే శబ్దం పైకి లేచి వెనక వరసల్ని దాటిపోతుంది. సాయంత్రాలు గాలి కుంట వైపు నుంచే వీస్తున్నది, వారం రోజులు దారం కట్టి చూశాం.

అభ్యంతరాలు లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బయట రాత్రి పది దాటాక మైకు మోగకూడదు. పైగా విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. కాబట్టి ముందుగా అనుమతి తీసుకుని, అయిదున్నరకే మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించాలి. అప్పుడు ఆఖరి బస్సు కూడా దొరుకుతుంది. అమ్మాయిలకు మరుగుదొడ్లు సైన్సు బ్లాకులో తెరిచి ఉంచాలి, దీపాలతో సహా. వాన వస్తే? జనవరిలో మన వైపు వాన అరుదు, వస్తే లోపలి సెమినారు హాలు ఉంది.

మొన్న ఒకరోజు రాత్రి ఏడింటికి ఆరుగురం అక్కడికి పోయాం. ఒకడు వేదిక పెట్టబోయే చోట నిలబడి హాజరు పట్టీ మామూలు గొంతుతో చదివాడు. మిగతావాళ్లం ఒక్కో అడుగూ వెనక్కి పోతూ, పేరు ఎక్కడ తెలియకుండా పోతుందో చూశాం. రెండో వేపచెట్టు దాకా తెలిసింది, నలభై అడుగులు. దాని అవతల కూర్చునేవాళ్ల కోసం ఆ చెట్టు దగ్గరే రెండు చిన్న స్పీకర్లు చాలు, ఒకే చోట కొండంత డబ్బాలు పేర్చనక్కర్లేదు. అయితే వేదిక నుంచి మాట 34 మీటర్లు గాల్లో పోవడానికి సెకనులో పదో వంతు పడుతుంది, తీగలో అప్పుడే చేరిపోతుంది. కాబట్టి ఆ స్పీకర్లకు ఆ మేరకు ఆలస్యం పెట్టాలి, లేకుంటే ఒక్కో మాట రెండుసార్లు వినిపిస్తుంది. మైకు సెట్టు అతనితో మాట్లాడాం, పెడతానన్నాడు. ఇక జనరేటరు ఎక్కడ పెట్టాలన్నదే తేలలేదు. కుంట వైపు పెడితే దాని రొద గాలితో పాటు నేరుగా జనం మీదికే వస్తుంది. హాస్టలు వెనక పెడదామంటే వంటవాళ్లు ఒప్పుకోవడం లేదు.