బావగారి రికార్డులూ, క్రిప్టో బేరమూ

మా బావగారు పోయేనాటికి ఏలూరులో ఆయన మేడగది నిండా రికార్డులే. చెక్క బీరువాల్లో కొన్ని, ట్రంకు పెట్టెల్లో కొన్ని, మంచం కింద ఇంకొన్ని. కుక్క బొమ్మ హెచ్‌ఎంవీలు, ఓడియన్లు, కొలంబియాలు, ఏంజెల్ ఎల్పీలు, తర్వాతి రోజుల పాలిడార్లు. అన్నీ కలిపి 2,000 పైచిలుకు తేలాయి. అక్కయ్య హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇల్లు అద్దెకివ్వాలి, గది ఖాళీ చెయ్యాలి. నేను బ్యాంకులో విదేశీ మారకం చూసి రిటైరైనవాణ్ణి, పాటల పిచ్చీ కొంత ఉంది. అందుకని అమ్మకం పని నా నెత్తిన పడింది.

కొనేవాడు దొరకడని భయపడ్డాం గానీ దొరికాడు. బెంగళూరు కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. ఎల్పీలూ ఈపీలూ మొత్తంగా తీసుకుంటానన్నాడు. కాకపోతే సొమ్ము క్రిప్టోలో ఇస్తానన్నాడు. మా మేనల్లుడు సాఫ్ట్‌వేరు వాడు కదా, వెంటనే ఎగిరి గంతేశాడు. "నిమిషాల్లో వచ్చి పడుతుంది మావయ్యా, చెక్కులూ గిక్కులూ లేవు" అన్నాడు. అక్కయ్య మాత్రం ఒప్పుకోలేదు. "కంటికి కనపడని డబ్బుకి మీ బావగారి ప్లేట్లు ఇచ్చేస్తారట్రా?" అంది. ఆవిడకి చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త సాగదీసి రాస్తున్నాను.

ముందు సరుకు సంగతి. ఎల్పీ ఒక్కటీ అట్టతో కలిపి పావుకిలో దాకా తూగుతుంది. వెయ్యి ఎల్పీలంటే రెండున్నర క్వింటాళ్ళు. వాటిని ఎప్పుడూ నిలువుగానే పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కింది వాటి మీద బరువు పడి వంకరపోతాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78లదైతే ఇంకో బాధ. అవి వినైల్ కావు, లక్క. కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురుతో చేసినవి. చెయ్యి జారితే రెండు ముక్కలే. వినైల్ ఎల్పీ అమెరికాలో 1948లో వచ్చినా, మన దేశంలో లక్క ప్లేట్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78లుగా వచ్చాయి. అందుకే విదేశీ సేకర్తలు ఇండియా 78లంటే చెవి కోసుకుంటారు. బావగారి దగ్గర బీటిల్స్ లేరు. ఘంటసాల 'పుష్పవిలాపం' ఉంది, నాటకాల పద్యాలున్నాయి. మనకి అవే గొప్ప.

ధర తేలేది స్థితిని బట్టి. ప్లేటుని కిటికీ దగ్గర, ఎండ ఏటవాలుగా పడేచోట పట్టుకుని మెల్లగా తిప్పాలి. పైపై వెంట్రుక గీతలు పాటకి అడ్డు రావు. గోరు తగిలితే తెలిసే గీత ఉంటే మాత్రం పాడేటప్పుడు టక్కు టక్కుమంటుంది. నడిమి చిల్లు చుట్టూ లేబులు మీద సన్నటి గీతలు ఎక్కువుంటే ఆ ప్లేటు చాలాసార్లు ఎక్కి దిగిందన్నమాట. చివరి పాటకీ లేబులుకీ మధ్య నల్లటి ఖాళీ వలయం ఉంటుంది. దాంట్లో గీకినట్టో గుద్దినట్టో అంకెలుంటాయి. తెలిసినవాళ్ళు వాటిని చూసి అది మొదటి ముద్రణో, తర్వాతదో చెప్పేస్తారు. స్థితికి చాలాచోట్ల వాడే కొలమానం ఒకటుంది. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్ అంటూ మెట్లు దిగుతూ పోతుంది. 'గుడ్' అన్న మెట్టు దాదాపు అట్టడుగున ఉంటుంది. ఇదివరకు ఏ రికార్డు ఎంతకి పోయిందో చూడ్డానికి డిస్కాగ్స్ అనే జాబితా ఉంది, 2000లో అమెరికాలో మొదలైంది. తెలుగు రికార్డులకి అది పెద్దగా ఆదుకోదు. అమ్ముడైన ఆనవాళ్ళే తక్కువ.

మన రికార్డులకి మనదైన జబ్బు ఒకటుంది. బావగారి ఈపీల్లో సగం మైకుసెట్టు వాళ్ళ దగ్గర కొన్నవి. పెళ్ళిళ్ళలో, చవితి పందిళ్ళలో తెల్లవార్లూ అరిగినవి. లేబులు మీద ఎనామిల్ రంగుతో కొట్టు పేరులో మొదటి అక్షరం, గాడుల్లో నలుపు పోయి బూడిద తేలడం, ఈ రెండూ కనబడితే ఇక సందేహం అక్కర్లేదు. 'దానవీరశూరకర్ణ' మాటల రికార్డు మా వాటాకి వచ్చింది అలాంటిదే. ఎన్టీఆర్ గొంతు వెనకాల పల్లీలు వేగుతున్నట్టు చిటపటలు. బావగారు కొన్న ప్రతి అట్ట మూలనా పెన్సిలుతో ఊరి పేరు, ఇచ్చిన ధర రాసుకునేవారు. నాకు ఆ రాతలే ముద్దు. ఆ కుర్రాడికి మాత్రం అట్ట మీద రాతంటే లోపం, ధర కొంత తగ్గాలి. వాడి పుస్తకం ప్రకారం వాడిదే న్యాయం.

ఇంత పేచీ ఉన్న సరుకుకి ఏమాత్రం పేచీ పెట్టడానికి వీల్లేని సొమ్ము వస్తే ఏమవుతుంది?

అక్కయ్యకి నేను బ్యాంకు భాషలో చెప్పాను. చెక్కు ఇచ్చినవాడు ఖాతాలో డబ్బు లేకుండా ఇవ్వచ్చు, ఇచ్చాక ఆపెయ్యమనీ చెప్పచ్చు. క్రిప్టోలో ఆ రెండూ కుదరవు. బిట్‌కాయిన్ సంగతే చూడండి. ఎవరి నుంచి ఎవరికి ఎంత వెళ్ళిందన్నది ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉన్న ఒకే ఖాతా పుస్తకంలో పడుతుంది. సుమారు 10 నిమిషాలకొక కొత్త పేజీ చేరుతుంది. మన లావాదేవీ ఉన్న పేజీ మీద ఇంకో అయిదు పేజీలు పడ్డాయంటే, అంటే ఓ గంట గడిచిందంటే, దాన్ని వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. పంపినవాడు ఏడ్చినా, బ్యాంకు మేనేజరు కాళ్ళు పట్టుకున్నా రాదు, ఎందుకంటే అక్కడ మేనేజరే లేడు.

కనుక అమ్మేవాడికి ఇది మంచిదే. విదేశాల్లో కార్డు మీద అమ్మితే రికార్డు చేరాక 'మీరు చెప్పినంత బాగా లేదు' అని కొన్నవాడు ఫిర్యాదు చేసి సొమ్ము వెనక్కి లాక్కోవచ్చు. సరుకూ పోతుంది, డబ్బూ పోతుంది. రికార్డులమ్మే కొందరు క్రిప్టో వైపు చూడ్డానికి ఇదొక కారణం. భయపడాల్సింది కొనేవాడు. సొమ్ము వెళ్ళిపోయాక మూట విప్పినప్పుడు మైకుసెట్టు సరుకు బయటపడితే అడిగే దిక్కు లేదు. మా బెంగళూరు కుర్రాడు తెలివైనవాడు, సరుకుని విడతలుగా చేద్దామన్నాడు. తనే వచ్చి ఒక విడత చూసుకోవాలి, అక్కడికక్కడే సొమ్ము పంపాలి, మేము అందిందని చూసుకున్నాకే బండికెత్తాలి. పెద్ద సేకరణకి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచలేదు.

అబద్ధపు బేరగాడి బాధ ఎంతటిదో అమెరికాలో పిట్స్‌బర్గ్‌కి చెందిన పాల్ మాహిన్నీని అడగాలి. రికార్డుల కొట్టు నడుపుతూ లక్షల కొద్దీ పోగేశాడు. ప్రపంచంలో అతి పెద్ద సేకరణల్లో అదొకటి. 2008లో ఈబేలో వేలానికి పెడితే 30 లక్షల డాలర్ల పైచిలుకు పాట వచ్చింది. వార్తల్లోకీ ఎక్కింది. తీరా చూస్తే ఆ పాట ఉత్తుత్తిదే. చివరికి 2013లో బ్రెజిల్‌లో బస్సుల వ్యాపారం చేసే జీరో ఫ్రెయిటాస్ అనే ఆయన కొనుక్కున్నాడు. పాట పాడినవాడు ముందే కొంత క్రిప్టో పంపాల్సి ఉంటే ఆ తమాషా జరిగేది కాదు.

క్రిప్టో ఉన్నవాళ్ళు కొన్న ప్రసిద్ధ రికార్డు ఒకటుంది, ఎల్పీ కాదు, సీడీలు. వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం ఒకే ఒక్క ప్రతి చేసి అమ్మిన ఆల్బమ్. దాన్ని కొన్న మార్టిన్ ష్క్రెలీ మోసం కేసులో జైలుకి వెళ్ళాడు, అమెరికా ప్రభుత్వం ఆల్బమ్‌ని జప్తు చేసింది. 2021లో అది ప్లీజర్‌డావో అనే క్రిప్టో బృందానికి 40 లక్షల డాలర్లకి చేరింది. ప్రభుత్వం మాత్రం డాలర్లే పుచ్చుకుంది. మధ్యవర్తి డాలర్లిచ్చి కొన్నాక, అతని నుంచి ఆ బృందానికి బదిలీ అయింది. నాకిందులో నచ్చింది ఆ మధ్యవర్తి. క్రిప్టోకీ మామూలు డబ్బుకీ మధ్య గుమ్మం దగ్గర ఎవడో ఒకడు నిలబడక తప్పదు. మన దేశంలో చిక్కంతా ఆ గుమ్మం దగ్గరే.

ఏ నాణెం తీసుకోవాలన్నది ముందు తేల్చుకోవాలి. బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69,000 డాలర్ల దగ్గర ఉంది, ఏడాది తిరిగేసరికి 16,000కి దిగింది. బావగారి ఎల్పీలు అంత ఊగిసలాట ఎన్నడూ ఎరగవు. అందుకని డాలరుకి ముడిపెట్టిన యూఎస్‌డీటీ అడిగాం. ఆ ముడీ శాశ్వతమేం కాదు. 2022 మే నెలలో టెర్రాయూఎస్‌డీ అనే ఇంకో 'స్థిర' నాణెం కొద్దిరోజుల్లో కుప్పకూలింది. అందుకే చేతిలో ఉంచుకునేది తక్కువ, తక్కువ కాలం అనుకున్నాం.

వాలెట్ తెరిస్తే 12 లేదా 24 ఇంగ్లీషు మాటలు ఇస్తుంది. ఆ మాటలు ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్ళదే. కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి గానీ ఫోనులో ఫొటో తీసి దాచకూడదు. పంపేవాడు చూపించే స్క్రీన్‌షాట్‌ని నమ్మకూడదు, మన వాలెట్లో పడిందా లేదా మనమే చూసుకోవాలి. యూఎస్‌డీటీ పేరుతో దొంగ నాణేలు కూడా తిరుగుతుంటాయి. అసలు యూఎస్‌డీటీ కూడా పలు దారుల్లో, అంటే నెట్‌వర్కుల్లో, నడుస్తుంది. పంపినవాడి దారీ మన దారీ కలవకపోతే సొమ్ము ఎక్కడో ఇరుక్కుంటుంది. ఇంకో కొత్త మోసం ఉంది. మనం తరచు వాడే చిరునామాకి మొదటి నాలుగక్షరాలూ చివరి నాలుగక్షరాలూ సరిపోయే దొంగ చిరునామా తయారుచేసి, దాన్నుంచి పైసల్లో సొమ్ము పంపుతారు. పాత జాబితాలోంచి చూడకుండా కాపీ చేశామా, సొమ్ము దొంగకి పోతుంది. మా మేనల్లుడు ముందు పది డాలర్లు తెప్పించి చూసుకున్నాడు, అది పడ్డాకే మిగతాది.

ఇక గుమ్మం. మన దేశంలో క్రిప్టో చలామణీ డబ్బు కాదు, అలాగని నిషేధమూ లేదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారాలకి సేవలివ్వకూడదన్న రిజర్వు బ్యాంకు ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్సు. నష్టమొస్తే దాన్ని ఇంకే ఆదాయంలోనూ తగ్గించుకోనివ్వరు. అదే ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్ వచ్చింది. రికార్డులకి క్రిప్టో తీసుకునేవాళ్ళు గమనించనిది ఈ టీడీఎస్సే. చట్టం కళ్ళకి మనం రికార్డులు అమ్మినవాళ్ళమే కాదు, రికార్డులిచ్చి క్రిప్టో కొన్నవాళ్ళం కూడా. మామూలు గృహస్థుకైతే ఏడాదికి 50,000 రూపాయలు దాటిందంటే, సరుకు అప్పజెప్పే ముందు ఆ 1 శాతం పన్ను కట్టారో లేదో చూసుకోవలసిన పూచీ మనదే. 3 లక్షల విడతకి 3,000 రూపాయల చెలానా బెంగళూరు కుర్రాడు కట్టి చూపించాలి, అప్పుడే మేము పెట్టె వదలాలి. తర్వాత మేనల్లుడు ఆ యూఎస్‌డీటీని 3,20,000కి అమ్మాడనుకోండి, 20,000 మీద 6,000 పన్ను, 240 సెస్సు. బావగారి సొంత సామాను అమ్మకం మీద పన్నుందా లేదా అన్నది వేరే లెక్క, దానికి సీఏ గారిని కలిశాం.

రూపాయిగా మార్చేటప్పుడు ముక్కూమొహం తెలియని మనిషికి యూఎస్‌డీటీ ఇచ్చి, అతని నుంచి యూపీఐలో రూపాయలు తీసుకునే పద్ధతి ఒకటి నడుస్తోంది. రేటు కాస్త ఎక్కువే వస్తుంది. ఆ వచ్చే రూపాయలు ఎవరో మోసపోయినవాళ్ళవైతే, వాళ్ళు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసిన రోజున మన ఖాతా స్తంభిస్తుంది. తప్పు మనది కాకపోవచ్చు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగేది మనమే. అందుకని కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజీ ద్వారానే అమ్మాలని మేనల్లుడి చేత ఒట్టు వేయించుకున్నాను.

విదేశాల నుంచీ ఒకరు అడిగారు, 78లకి బిట్‌కాయిన్ ఇస్తానని. నేను వద్దన్నాను. ఎగుమతి చేసిన సరుకు సొమ్ము అధీకృత బ్యాంకు ద్వారా రావాలని విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కస్టమర్లకి చెప్పిన మాటే ఇంట్లోనూ చెప్పాను. మేనల్లుడు ముఖం మాడ్చుకున్నాడు గానీ కాదనలేదు.

మొదటి విడత ఈపీలు యూఎస్‌డీటీకే వెళ్ళాయి. కుర్రాడు ఏలూరు వచ్చి, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ ఎండకి తిప్పి చూసి, చెలానా కట్టి, ఫోనులోంచి పంపాడు. కాఫీ చల్లారేలోపు పడింది. తర్వాత విడతల దగ్గరికొచ్చేసరికి అతనే ఫోను చేశాడు. చెలానా, ఫారాలు, తన క్రిప్టో మీద వచ్చిన లాభానికి 30 శాతం, అన్నీ కూడుకుని చూసుకున్నట్టున్నాడు. "అంకుల్, మిగతావాటికి నెఫ్ట్ చేసేస్తాను" అన్నాడు. నేను సరే అన్నాను. మేనల్లుడు మొదటి విడత సొమ్ము ఇంకా మార్చలేదు, అక్కయ్య పండక్కి కలిసినప్పుడల్లా అదెంతైందని అడుగుతోంది.

78లు మాత్రం అమ్ముడు కాలేదు. ప్రస్తుతం విజయవాడలో మా ఇంట్లో ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు, ఇంకా బేరం తెగలేదు. కొనేవాళ్ళుంటే నిలువుగా పేర్చుకునే పెట్టెలు తెచ్చుకోవాలి, సొమ్ము రూపాయల్లో ఇవ్వాలి. 'పుష్పవిలాపం' ఒక్కటీ అమ్మకానికి లేదు.