కారులో సాఫ్ట్‌వేర్ ఒకేసారి కొనాలా, నెలనెలా కట్టాలా? మన ఘాట్ రోడ్డు లెక్క

ఈరోజు టాపిక్ పూర్తిగా డబ్బు గురించే. లక్షలు పోసి కారు కొన్నాక, అందులోనే ఉన్న ఒక ఫీచర్ వాడుకోవడానికి మళ్లీ నెలనెలా కట్టడమేంటి? పోనీ ఒకేసారి మొత్తం కట్టేసి సొంతం చేసుకుంటే మంచిదా?

ఇప్పుడెందుకంటే, 2026 జనవరిలో ఎలాన్ మస్క్ ఒక ప్రకటన చేశారు. టెస్లా కార్లలో ఉండే ఎఫ్‌ఎస్‌డీ, అంటే ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఫిబ్రవరి 14 తర్వాత ఒకేసారి డబ్బు తీసుకుని అమ్మం, ఇక నెలవారీ సబ్‌స్క్రిప్షన్ మాత్రమే అని. 2016 నుంచి అమ్ముతూ వచ్చిన సరుకు అది.

ముందే ఒక మాట. పేరులో ‘ఫుల్’ ఉంది కదా అని స్టీరింగ్ వదిలేసి పడుకోవచ్చు అనుకోకండి. 2024 నుంచి ఆ పేరు పక్కన ‘సూపర్‌వైజ్డ్’ అని తగిలించారు. సీట్లో డ్రైవర్ ఉండాలి, కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

ఇప్పుడు రేట్లు చూడండి. 2020 చివర్లో దీని ధర 10 వేల డాలర్లు. 2022 జనవరిలో 12 వేలు, అదే ఏడాది సెప్టెంబర్‌లో 15 వేలు. తర్వాత రివర్స్ గేర్ పడింది. 2023లో మళ్లీ 12 వేలు, 2024 ఏప్రిల్‌లో 8 వేలు. సబ్‌స్క్రిప్షన్ 2021 జూలైలో నెలకు 199 డాలర్లతో మొదలై, 2024 ఏప్రిల్‌లో 99కి దిగింది. క్యాలిక్యులేటర్ తీయండి. 8 వేలని 99తో భాగిస్తే దాదాపు 81 నెలలు, అంటే ఆరేళ్ల తొమ్మిది నెలలు. అంతకాలం అదే కారు ఉంచుకుని, ప్రతి నెలా ఆ ఫీచర్ వాడితేనే ఒకేసారి కొన్నవాళ్లకి గిట్టుబాటు. 15 వేలు పెట్టి కొన్నవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

కానీ ఈ లెక్క సగమే. మిగతా సగం రిస్క్ ఎవరిది అన్నది.

సాఫ్ట్‌వేర్ జాబ్ చేసొచ్చినవాడిగా చెప్తున్నా, ఇలాంటి ఫీచర్ కోడ్ చాలాసార్లు మీ కారులో ముందే ఉంటుంది. కెమెరాలు ఉంటాయి, కంప్యూటర్ ఉంటుంది. తాళం వేసినట్టు ఒక సెట్టింగ్ ‘ఆఫ్’లో ఉంటుంది, డబ్బు కట్టాక కంపెనీ దూరం నుంచే దాన్ని ‘ఆన్’ చేస్తుంది. మన దేశంలో స్కూటర్లలోనే ఇది చూశాం. ఏథర్ 2023లో 450ఎక్స్‌ని తక్కువ రేటుకి ఇచ్చి, రైడ్ మోడ్స్ లాంటివి సుమారు 30 వేల ప్రో ప్యాక్‌లో పెట్టింది. బండి అదే, తాళం తీయడానికి వేరే రేటు. అయితే ప్రో ప్యాక్ కొన్న రోజే అందులో ఉన్నవి పనిచేస్తాయి.

ఎఫ్‌ఎస్‌డీ అలా కాదు. అది రాబోయేదాన్ని ఇప్పుడే అమ్మడం. పూర్తి సెల్ఫ్ డ్రైవింగ్‌కి కావాల్సిన హార్డ్‌వేర్ అంతా మా కార్లలో ఉందని టెస్లా 2016 అక్టోబర్‌లోనే చెప్పింది. తర్వాత కంప్యూటర్ మార్చాల్సి వచ్చింది. 2025 జనవరిలో, హార్డ్‌వేర్ 3 ఉన్న కార్లలో ఎఫ్‌ఎస్‌డీ కొన్నవాళ్లకి ఆ కంప్యూటర్ కూడా మార్చాల్సి వస్తుందని మస్క్ ఒప్పుకున్నారు. అంటే ఒకేసారి కొన్నవాళ్లు కంపెనీ మాట మీద పందెం కాశారు, అదీ ముందే మొత్తం కట్టేసి. నెలనెలా కట్టేవాళ్లకి ఆ బాధ లేదు, నచ్చకపోతే వచ్చే నెల ఆపేస్తారు.

అలాగని సబ్‌స్క్రిప్షన్ మన మంచికే అనుకుంటే పొరపాటు. 2021లో పాత కంప్యూటర్ ఉన్న కార్లలో సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలంటే కొత్త కంప్యూటర్‌కి 1,500 డాలర్లు అడిగారు, గొడవయ్యాక వెయ్యికి తగ్గించారు. ఒకేసారి కొన్నవాళ్లకి అదే మార్పు ఫ్రీ. పైగా నెలవారీ రేటు ఎప్పుడు ఎంత చేస్తారో మన చేతిలో ఉండదు. ఇంకోటి, 2025 నవంబర్‌లో వాటాదారులు ఓకే చేసిన మస్క్ జీతం ప్లాన్‌లో కోటి యాక్టివ్ ఎఫ్‌ఎస్‌డీ సబ్‌స్క్రిప్షన్లు అనేది ఒక టార్గెట్. ఒకేసారి అమ్మడం ఎందుకు ఆపారో నాకైతే ఇక్కడే సగం అర్థమైంది.

సరే, మన దేశానికొద్దాం. 2025 జూలైలో ముంబైలో టెస్లా షోరూమ్ తెరిచినప్పుడు ఎఫ్‌ఎస్‌డీ రేటు 6 లక్షలు పెట్టారు. కారు లోన్‌లో కలిపేశారనుకోండి. 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అంటే ఈ ఒక్క ఫీచర్‌కే నెలకు సుమారు 9,650, మొత్తం 8 లక్షల పైచిలుకు. ‘ఒకేసారి కొన్నాను’ అనుకుంటాం గానీ, లోన్‌లో కలిపితే అదీ నెలనెలా కట్టేదే, కాకపోతే ఆపే బటన్ ఉండదు.

నేనుండే అరకు వైపు టెస్లాని ఇంతవరకు చూడలేదు లెండి. చూసేవి ఎక్స్‌యూవీ700, హారియర్ లాంటివి. వీటిలో ఏడాస్ అని డ్రైవర్‌కి సాయం చేసే సిస్టమ్ పై వేరియంట్లలో వస్తుంది, అంటే ఒకేసారి కొన్నట్టే. ఇక్కడ టూరిస్టులకి కారు తిప్పే ఒక అన్న నన్ను అడిగారు: “తమ్ముడూ, ఏడాస్ కోసం పై వేరియంట్ తీసుకోమంటావా? ఈఎంఐ పెరుగుతాది మరి.”

నేను తిరిగి అడిగింది ఒక్కటే, అన్నా నీ బండి ఎక్కడ తిరుగుతుంది? బొడ్డవర దాటి ఘాట్ ఎక్కితే టైడా, అనంతగిరి, గాలికొండ అంతా మలుపులే. లేన్ అసిస్ట్‌కి రోడ్డు మీద గీతలు కనబడాలి. గీత చెరిగిపోయినా, పొగమంచు కమ్మినా కెమెరా చేతులెత్తేస్తుంది. హెయిర్‌పిన్ మలుపులో ముందు బండి రాడార్ చూపు నుంచి పక్కకి తప్పుకుంటుంది, అప్పుడు అడాప్టివ్ క్రూజ్ దారి ఖాళీ అనుకుని స్పీడ్ పెంచొచ్చు. సంత రోజు రోడ్డు మీదకొచ్చే ఆవులూ మేకలూ? చాలా సిస్టమ్స్‌ని బండ్లనీ మనుషులనీ గుర్తుపట్టేలా చేస్తారు, పశువుల గురించి గ్యారంటీ ఇవ్వరు. మాన్యువల్ తెరిస్తే ఈ హెచ్చరికల్లో చాలావరకు రాసే ఉంటాయి, కానీ షోరూమ్‌లో ఎవరు చదివి చెప్తారు? సిగ్నల్ పోతే ఆగిపోతుందా అని కూడా ఆ అన్న అడిగారు. లేదు. బ్రేక్ వేయాలా వద్దా అన్నది కారులోని కంప్యూటరే చూసుకుంటుంది. సిగ్నల్ పోతే ఆగేవి ఫోన్ యాప్, లైవ్ ట్రాఫిక్ లాంటివి.

నిజానికి ఇలాంటివాళ్లకే సబ్‌స్క్రిప్షన్ పనికొస్తుంది. అరకుకి జనం ఎక్కువగా వచ్చేది చలికాలంలోనే. ఉదాహరణకి ఏడాస్ ఒకేసారి 60 వేలు, నెలకైతే వెయ్యి అనుకుందాం. సీజన్ నాలుగు నెలలే కట్టి ఆపేస్తే 60 వేలు అవ్వడానికి 15 ఏళ్లు పడుతుంది. ఏడాదంతా కడితే ఐదేళ్లే. కానీ మన దగ్గర కంపెనీలు నెలవారీ పెట్టేది ఎక్కువగా కనెక్టెడ్ యాప్‌లకి, అవి మొదట కొన్నేళ్లు ఫ్రీ, తర్వాత రెన్యువల్. అన్న బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఘాట్ మీదే. వద్దన్నాను. హైదరాబాద్–విజయవాడ హైవే మీద వారానికి రెండుసార్లు తిరిగేవాడైతే తీసుకోమనేవాడిని.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక్క ముక్క. 2019 చివర్లో అమెరికాలో ఒకాయన డీలర్ దగ్గర పాత మోడల్ ఎస్ కొన్నాడు. కొన్నాక అందులోని ఎఫ్‌ఎస్‌డీ, ఆటోపైలట్ ఫీచర్లని టెస్లా దూరం నుంచే తీసేసింది. వార్తల్లోకి ఎక్కాక తిరిగి ఇచ్చారు. కాబట్టి పాత కారు చూడ్డానికి వెళ్తే ఇంజిన్, టైర్లతో పాటు స్క్రీన్ కూడా ఆన్ చేయించండి. ఏ ఫీచర్ కారుతో వస్తుంది, ఏది పాత ఓనర్ అకౌంట్‌తో పోతుంది అని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.