బావురుమనే ఇంగ్లీషు మాట

ఇంగ్లీషులో ‘డెసొలెట్లీ’ అనే క్రియావిశేషణం ఒకటి ఉంది. ‘ఏకాకిగా’ అంటే అది మనిషికి చెల్లుతుంది; ‘నిర్జనంగా’ అంటే చోటుకు చెల్లుతుంది. ఇంగ్లీషు మాట రెండింటికీ చెల్లుతుంది. అనువాదకుడికి చిక్కు ఇక్కడే.

దీని మూలం లాటిన్‌లో ఒంటరి అని అర్థమిచ్చే ‘సోలుస్’. ముందున్న ‘డె’ పూర్తిగా అన్న అర్థాన్ని చేరుస్తుంది. ఎవరో విడిచిపోగా మిగిలిన ఒంటరితనమన్నమాట. ‘లోన్లీ’లో ఆ పోగొట్టుకున్న జాడ అంతగా ఉండదు.

ఖరగ్‌పూర్‌లోని తెలుగువారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ అనేకం. ఉద్యోగి రిటైరై, సామాను లారీ కెక్కించి, క్వార్టర్సు తాళం అప్పగించి వెళ్ళిపోతాడు. మర్నాడు పొరుగింటి ఇల్లాలు ఆ గుమ్మం వైపు చూసి, “ఇల్లు బావురుమంటోంది” అంటుంది. తల్లి కనబడని పసివాడూ బావురుమంటాడు, మనుషులు లేని ఇల్లూ బావురుమంటుంది! ఇంగ్లీషు మాటకు ఇంతకంటే దగ్గరి చుట్టం తెలుగులో దొరకదు.

అయితే ఖాళీ అయిన ప్రతి చోటూ బావురుమనదు. ఆ ఊళ్ళోనే హిజ్లీ నిర్బంధ శిబిరం ఉండేది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే ప్రారంభమైంది. అటువంటి చెరసాల ఖాళీ అయితే బావురుమందని ఎవరంటారు? ఈ మాట పలకాలంటే, మళ్ళీ ఆ చోటు నిండాలని కోరుకునేవారు ఒక్కరైనా ఉండాలి.

ఇంకొక మెలిక ఉంది. ‘ఆమె ఖాళీ పట్టాల వైపు డెసొలెట్లీ చూసింది’ అన్న వాక్యాన్ని తెలుగు చేయాలనుకోండి. ‘బావురుమంటూ చూసింది’ అంటే ఆమె గొల్లున ఏడ్చినట్లవుతుంది. ఇంగ్లీషులో ఆమె నోరైనా మెదపలేదు. ‘దిగులుగా’ అంటే చాలదు, ‘దీనంగా’ అంటే యాచన ధ్వనిస్తుంది. అప్పుడు క్రియావిశేషణాన్ని మనిషి మీద నుంచి తీసి చోటు మీద పెట్టడమే మేలు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు, 2013లో గోరఖ్‌పూర్ దాటిపోయేవరకు ప్రపంచంలో అదే అన్నిటికంటే పొడవైనదని పేరు. బండి వెళ్ళిపోయాక అక్కడ నిలబడిన స్త్రీని గురించి ఇలా వ్రాయవచ్చు: ‘ఆమె పట్టాల వైపే చూస్తూ ఉండిపోయింది. ప్లాట్‌ఫారం బావురుమంటోంది.’