గడపలోపలి నవ్వు

హాస్యరసమునకు వర్ణము తెలుపనియు, ప్రమథులు అధిదేవతలనియు భరతముని నాట్యశాస్త్రమున జెప్పియున్నాడు. నవ్వులో ఆఱు తరగతులను గూడ ఏర్పఱచినాడు. పెదవి కదలీ కదలని స్మితము మొదలుకొని, కన్నుల నీరు గ్రమ్మి ప్రక్కలు పట్టుకొను అతిహసితము వఱకు అవి క్రమముగా నెక్కును. స్మితహసితములు ఉత్తములకట, విహసితోపహసితములు మధ్యములకట, తక్కిన రెండును అధములకట. అంతటితో నూరకుండక, ఈ రసము స్త్రీలయందును నీచప్రకృతులయందును మిక్కిలిగా గానవచ్చునని యొక మాట వదలినాడు. సోదరీమణులారా, మునివాక్యమునకు మాఱుపలుకుట మనకు దగదు గాని, ఆ వాక్యము వినినప్పుడు ఆయన యింటి యాడువారు నవ్విరో, నవ్వినచో అది యే తరగతి నవ్వో తెలిసికొనవలెనని నాకు మిక్కిలి కుతూహలము.

నేడు మన యిండ్లకు నవ్వును తెచ్చి పంచిపెట్టుచున్నది చలనచిత్రము. మాపటివేళ టెలివిజను ముందఱ గూర్చుండని యిల్లరుదు. చేతిఫోనులో హాస్యఘట్టములు చూచి తమలో దాము నవ్వుకొను పిల్లలు ప్రతి వీధియందును గలరు. ఆ నవ్వు ఎట్లు పుట్టుచున్నది, ఎవరిమీద బడుచున్నది యని గృహిణులు విచారించుట అనావశ్యకము గాదు. మా ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి ఈ విచారము మఱింత యావశ్యకము. అందుకు గారణము ముందు జెప్పెదను.

నవ్వునకు మూలము వికృతి. వికృతి యనగా వికారరూపము మాత్రమే కాదు. ఏది యెట్లుండవలెనో అది యట్లు లేకుండుట. వికృతవేషము, ధార్ష్ట్యము, లౌల్యము, అసత్ప్రలాపము, వ్యంగదర్శనము మున్నగువానిని శాస్త్రకారుడు కారణములుగా జెప్పినాడు. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతియై, కోడిని పైన వ్రేలాడగట్టి దానిని జూచుచు వట్టి యన్నము తినును. ఇది లౌల్యమే. కాని మన మంతగా నవ్వుటకు గారణము వేఱొకటి గలదు. బియ్యము కొలిచి పోయు చేతులు మనవి. పొదుపు మన మెఱిగినదే. ఆ యెఱిగినది రెండు మెట్లు దాటి వెఱ్ఱియైనప్పుడు మన యింటిదే పొరుగింట జూచినట్లగును.

సినిమా రాకమునుపే ఈ విద్య మన సీమలో తోలుబొమ్మల తెఱపై నడచినది. రామరావణుల యుద్ధము సాగుచుండగా జుట్టుపోలిగాడును బంగారక్కయు దూసికొనివచ్చి కలహింతురు. కేతిగాడు వారి నడుమ దూరును. తెల్లవాఱు దాక గూర్చున్న జనమునకు నిద్రమత్తు వదలించుట వారి పని. వారి మాటలు కొన్ని చోట్ల ఆడువారు తలవంచుకొనునట్టివే. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు మాటల చిత్రములు మొదలైన పిదప ఈ కేతిగాని కొలువు సినిమా హాస్యగానికి సంక్రమించినది. కథ ఒకదారి, హాస్యము వేఱొకదారి. రెండింటికిని పొత్తు లేదు. నేటికిని అనేక చిత్రములలో ఇదే పద్ధతి.

కథలోనుండియే నవ్వు పుట్టిన చిత్రములు వేఱు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ను చూడుడు. పట్టభద్రులైన దంపతులకే బడిలో ఉద్యోగ మిత్తురనగా, పెండ్లి కాని యిరువురు దంపతులమని చెప్పుకొని యొక యూరు చేరుదురు. అతడు హిందువు; ఆమె క్రైస్తవకుటుంబమున బెరిగినది. వారి గుట్టు మనకు దెలియును, ఆశ్రయమిచ్చిన జమీందారు దంపతులకు దెలియదు. ఆ పెద్దలు ఎంత ప్రేమతో ఆదరింతురో మనకంత నవ్వు వచ్చును. ఒకరి వెక్కిరింత లేదు, ఒకరి క్రిందుపాటు లేదు. తెలిసినవారికిని తెలియనివారికిని నడుమ నున్న సందులోనుండి నవ్వు పుట్టుచున్నది. (బడిపంతుళ్ల యిండ్లవారికి ఇందొక ప్రత్యేకానందము గలదు. ఉద్యోగమునకై పెండ్లి నటించుట వింత గాని, ఉద్యోగమునకై నటించుట మాకు వింత గాదు.)

1957నాటి ‘మాయాబజార్’లో ఈ సందు మఱింత వెడల్పైనది. ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చును. చూచుటకు సావిత్రి, లోపల రాక్షసుడు. ఆమె యొక సారి సిగ్గుపడి, అంతలోనే మఱచి మగనడక నడచును. పెండ్లిపీటపై లక్ష్మణకుమారుడుగా గూర్చున్న రేలంగికి ఆ పాదస్పర్శ ఎంత బరువో తెలియవచ్చును. ఇచ్చట నవ్వు స్త్రీని దక్కువ చేయుటవలన రాలేదు, కోమలమైన యాకారమునుండి కొండంత బలము బయటపడుటవలన వచ్చినది. ఆ చిత్రమునకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు మన వంటిండ్ల పలుకుబడిని గూడ విడువలేదు. ‘పప్పు గిప్పు’, ‘చీర గీర’ యని మనము రోజుకు నూఱు మాఱు లందుము. ఆ ‘గి’ మాటలకు అర్థమున్నదని యెవరును దలపరు. ఆయన తల్పమునకు గిల్పమును, కంబళికి గింబళిని గల్పించి వానిని వస్తువులనే చేసి తెఱపై నిలిపినాడు. అసత్ప్రలాపమునకు ఇంతకంటె ముచ్చటైన యుదాహరణము నాకు దోచదు.

ఈ రెండు చిత్రములును వచ్చి డెబ్బది యేండ్లు కావచ్చినను వాని నవ్వు వాడలేదు. వ్యంగదర్శనము, అనగా అవయవలోపమును జూపి నవ్వించుట, శాస్త్రములో నున్న మాట నిజమే. కాని నత్తివానిని, నల్లని పిల్లను, లావైన యిల్లాలిని నిలువబెట్టి నవ్వించు ఘట్టము రెండవసారి చూడబుద్ధి పుట్టదు. మొదటిసారి నవ్వినప్పుడు గూడ ప్రక్కన అట్టివారెవరైన గూర్చున్నారేమో యని యొకమాఱు చూచుకొందుము. గయ్యాళిపాత్రల సంగతి యేమని యడుగుదురేమో. సూర్యకాంతమును మినహాయింపవలెను. 1962నాటి ‘గుండమ్మ కథ’లో ఆమె కేకలు వేయును గాని చిన్నబోవదు; ఇల్లామెది, అధికార మామెది. నవ్వు ఆమె ధార్ష్ట్యము వలన వచ్చినది గాని దైన్యమువలన గాదు.

ఇక యాస మాట. తెఱపై నాయికానాయకులు కృష్ణాగుంటూరుల వైపు మాట మాటలాడుదురు. వంటవానికి, దొంగకు, వెఱ్ఱివానికి వేఱు ప్రాంతపు యాస తగిలింతురు. మా పడమటి కర్నూలు మాటలో కన్నడము కలిసియుండును. ఆదవాని, ఆలూరు తాలూకాలు 1953 వఱకు బళ్లారి జిల్లాలోనివి గదా. ఈ మాటకు సినిమాలో నవ్వులపాలగు భాగ్యము గూడ చాలకాలము పట్టలేదు, పట్టినది భయము. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వచ్చిన దినములలో సీమయనగా వేటకొడవలి, నాటుబాంబు, పేలు సుమోలు. కర్నూలు జిల్లా సిరివెళ్లలో బుట్టి, ఉపాధ్యాయుడై, పిదప నటుడైన జయప్రకాశ్‌రెడ్డి మా యాసను నోరార బలికినాడు. ఆ గొంతుకు మొదట జనము జడిసినారు. తరువాత అదే గొంతుకు నవ్వినారు. 2020లో ఆయన గతించువఱకు ఆ రెండు పనులును ఆయనకే చెల్లినవి.

సినిమాకు తోడు దేవరగట్టు. విజయదశమినాటి యర్ధరాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణమైన పిదప ఉత్సవమూర్తులకై నెరణికి, నెరణికి తండా, కొత్తపేటలవారొకవైపును, చుట్టుపట్ల యూళ్లవా రింకొకవైపును కఱ్ఱలతో దలపడుదురు. మఱునాటి పత్రికలలో పగిలిన తలల లెక్క వచ్చును. అది కక్ష గాదు, భక్తియని మావారి నమ్మకము. దానిని సమర్థించుటకు నేను బూనుకొనలేదు. ఆ రాత్రి ఇండ్లలో నిద్ర లేక గూర్చుండువారు ఆడువారే. నే జెప్పునదేమనగా, పై జిల్లాలవారి దృష్టిలో ఆ కఱ్ఱలును సినిమా కొడవళ్లును ఏకమైపోయినవి. మా వైపు పిల్లను పై జిల్లాకిచ్చినప్పుడు వియ్యాలవారు పరిహాసమునకై మొదట నడుగునది బాంబుల సంగతియే.

అందువలననే 2010లో ఎస్.ఎస్. రాజమౌళి తీసిన ‘మర్యాద రామన్న’ మాకు వట్టి హాస్యచిత్రము గాదు. కథ చిన్నది. పట్నమున సైకిలుపై బరువులు మోసి బ్రదుకు అమాయకుడు రాము తనకు సీమలో తండ్రి పొలమున్నదని విని రైలెక్కును. రైలులో పరిచయమైన పిల్ల యింటికే యతిథిగా బోవును. ఆ యింటి పెద్ద రామినీడు. అతని తమ్ముని ప్రాణము తీసినది రాము తండ్రి. పగ తీర్చుకొన వేచియున్న యింటిలోనికి పగవాని కొడుకు తనంత తానే వచ్చి విస్తరి ముందు గూర్చున్నాడు. కాని ఆ యింటి కొక నియమము గలదు: గడపలోపల రక్తము చిందరాదు. గడప దాటినచో చావు, దాటనిచో రాచమర్యాద. హాస్యనటుడు సునీల్ ఇందు నాయకుడు.

ఇచ్చట నవ్వెట్లు పుట్టుచున్నదో చూడుడు. ‘మిస్సమ్మ’లోని సందే యిక్కడను గలదు, కాని దాని యడుగున కత్తి యున్నది. ఇంటి పిల్లకు మొదట నేమియు దెలియదు. ఆమె మర్యాద నిజము. మగవారి మర్యాద కూడ నిజమే, వారి కత్తియు నిజమే. అతిథి వెళ్లి వత్తునని లేచిన ప్రతిసారి వారి మొగమున వెలుగు. మరల గూర్చున్న ప్రతిసారి చీకటి. ‘ఇంకొంచెము వడ్డింపనా’ యని మన మనుదినము పలుకు మాట ఆ యింటిలో ఒకడి యాయువును బొడిగించు మాటయైనది. రామినీడును గాని, కొడుకులను గాని వెఱ్ఱివారినిగా జూపలేదు. వారి యాసను వెక్కిరింపలేదు. వారు నియమము గలవారు. ఆ నియమమే వారిని చిక్కులబెట్టినది. సీమకు గొడవలి యున్నదని పూర్వపు చిత్రములు చూపినవి. సీమకు గడప గూడ నున్నదని ఈ చిత్రము చూపినది. కక్షలలో బోయిన మగవారి పేర్లు ఊళ్లలో చెప్పుకొందురు. మఱునాడు ఆ యిండ్లలో పొయ్యి వెలిగించినవారి పేర్లు ఎవరును చెప్పరు. అట్టి పొయ్యిదగ్గఱివారికి ఈ కథలో గడప కాపాడు పని దొరకుట నాకు మిక్కిలి నచ్చినది. ఇదే కథను పిదప కన్నడ, హిందీ, తమిళ భాషలలో గూడ తీసిరి.

ఈ కథకు మూలము అమెరికాలో 1923లో బస్టర్ కీటన్ తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’ యను మూకీ చిత్రము. ఆ దేశపు కొండసీమలలో గూడ తరతరముల కక్షలుండెడివి, ఆతిథ్యమర్యాదయు నుండెడిది. ఈ వార్త వినినప్పుడు మా వైపు కొంద ఱాడువారు, అక్కడను ఇంతేనా యని యాశ్చర్యపడిరి. కీటన్ ఎన్నడును నవ్వడు. ఎంత యాపద వచ్చినను ఆ మొగమట్లే రాయివలె నుండును. ఆయన నవ్వకుండుటచేతనే నవ్వవలసిన భారమంతయు మనమీద బడును. మన హాస్యగాండ్రు కొందఱు తామే ముందు నవ్వి మనకు దారి చూపుదురే, అట్టివారు ఈ మొగమును నెలకొకమాఱైన చూడవలెను.

మాటలు లేని చిత్రము గనుక ఇంగ్లీషు రాని యవ్వలకు గూడ అడ్డంకి లేదు. హక్కుల గడువు తీఱినందున ఇంటర్నెట్టులో నుచితముగనే చూడవచ్చును. పిల్లలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని రెండు ఘట్టములు శ్రద్ధతో జూడుడు. మొదటిది పంక్తి భోజనము. దేవుని ప్రార్థనకై అందఱును తలలు వంచుదురు గాని యొక్కరైన కన్నులు పూర్తిగా మూయరు. అతిథి వారిని, వారు అతిథిని క్రీగంట గనిపెట్టుచుందురు. రెండవది చివరిది. ఆ యింటి గోడమీద, పొరుగువారిని బ్రేమింపవలెనను అర్థముగల యక్షరములు కుట్టిన బట్ట యొకటి పటముకట్టి యుండును. తుపాకి పట్టిన పెద్దాయన దానిని జూచి యాయుధము క్రింద బెట్టును, కొడుకులును పెట్టుదురు. అది చూచి మన యల్లుడు గూడ కోటులోనుండి యొక పిస్తోలు, నడుమునుండి యింకొకటి, మఱియొకటి, ఇంకను ఒకటి తీసి బల్లపై బేర్చును.